సోమవారం జ్వరం – 14: ఎనిమిదో పళ్ళెం

అచ్చాఫీసు బైండింగు గదిలో సోమవారం మధ్యాహ్నం మొదలై మంగళవారం తెల్లవారేసరికి మాయమయ్యే జ్వరానికి కారణం గాలిలో ఉందేమో తేల్చాలని, పళ్ళేలమ్మ పన్నెండు గాజు పళ్ళేలు సిద్ధం చేసింది. పదకొండు పళ్ళేలకు ఆ భవనంలోని గదుల గాలి పట్టించింది. పన్నెండోదాని మూత తీయలేదు. రెండు రోజులు వెచ్చగా ఉంచి, బుధవారం ఉదయం ఇంట్లో థర్మకోల్ పెట్టె తెరిచి చూస్తే, ఏమీ మొలవకూడని ఆ పన్నెండో పళ్ళెంలో కూడా సూక్ష్మజీవులు మొలిచి ఉన్నాయి.

ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. ఆసుపత్రి ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. గాజు పళ్ళెంలో పోషకాల జావను గడ్డకట్టించడం, దాని మీద రోగి కఫమో రక్తమో పూయడం, ఒకటి రెండు రోజులాగి ఏం మొలిచిందో చదవడం. వీధిలోవాళ్ళు 'పళ్ళేలమ్మ' అని పేరు పెట్టి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఆ ఇంట్లో పళ్ళేలన్నీ కంటికి కనిపించని అతిథులకేననీ, మనుషులు వెళితే మంచినీళ్ళతో సరిపెట్టుకుని రావాలనీ వాళ్ళు హాస్యమాడేవారు.

మూత తీయని పళ్ళేన్ని ఆమె 'సాక్షి' అంటుంది. కోర్టులో సాక్షి తాను చూసినది చెప్పాలి. ఈ సాక్షి గొప్పతనమల్లా ఏమీ చూడకపోవడంలోనే ఉంది. మిగతావాటితోపాటే తయారై, వాటితోపాటే ప్రయాణం చేసి, వాటితోపాటే పెట్టెలో పడుకుని, చివరికి ఖాళీగా తేలాలి. అప్పుడే మిగతావాటిలో మొలిచినది గాలిలోంచి వచ్చిందని చెప్పడానికి వీలవుతుంది. సాక్షే చెడితే కేసు చెడినట్టే.

"ఏమైంది వదినా? మొహం అలా పెట్టావేం?"

గుమ్మంలో నిలబడి అడిగినది ఆమె ఆడపడుచు. అచ్చాఫీసులో పద్దెనిమిదేళ్ళుగా పుస్తకాలు కుడుతోంది. చేతిలోని పెద్ద సూదివల్ల కొంతా నోటివల్ల కొంతా అందరూ ఆమెను 'దబ్బనం' అంటారు. గడిచిన రెండు నెలల్లో ఐదు సోమవారాలు ఆమె వణుకుతూ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. ఐదు మంగళవారాలూ ఏమీ ఎరగనట్టు పనికి వెళ్ళింది. వైద్యుడి దగ్గర వరుస అందేసరికి చూపించడానికి జ్వరం ఉండదు. ఆ గదిలో ఇంకో నలుగురికీ అదే బాధ ఉన్నా, వాళ్ళు బిళ్ళ మింగి నోరు మూసుకున్నారు. ఈమెకు నోరు మూసుకోవడం చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. ఆదివారం బద్ధకం సోమవారానికి జ్వరంగా మారుతోందని సూపర్‌వైజరు పైకి రాశాడు. ఆమెను పనిలోంచి తీసేసే ఉత్తరం తయారై యజమాని సొరుగులో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. గాలిలో ఏదో ఉందంటున్నారుగా, చూపించండి అని ఆయన ఇచ్చిన గడువు ఆ ఉదయం పదకొండు గంటలకు తీరిపోతుంది.

"సాక్షిలో మొలిచింది" అంది పళ్ళేలమ్మ.

"టేపు చుట్టావుగా?"

"చుట్టాను. ఎవరో విప్పి మళ్ళీ చుట్టారు. చూడు, కొస వంకరగా ఉంది." ఆమె పళ్ళేన్ని కొంచెం వంచింది. చుక్కలు అక్కడక్కడా చెదురుగా లేవు. ఒక పక్కగా, వేలితో గీసినట్టు, వంపు తిరిగిన వరుసలో ఉన్నాయి. గాలిలోంచి పడినవి అలా వరుస కట్టవు. "అత్తయ్యా! ఈ పెట్టె ఎవరైనా తెరిచారా?"

"ఎవరో ఎందుకు తెరుస్తారు? నేనే తెరిచాను." వంటింట్లోంచి వచ్చిన అత్తగారి గొంతులో దాపరికం లేదు. "నిన్న పొద్దున లోపల వెచ్చదనానికి పెట్టిన బల్బు వెలుగుతోందో లేదో చూద్దామని తీశాను. పైనున్న పళ్ళెం మూత నిండా చెమట. చెమట పట్టిన మూత కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. తుడిచి పెట్టాను."

"దేంతో?"

"శుభ్రమైన గుడ్డతోనే." అత్తగారు భుజం మీది గుడ్డ చూపించింది. "గిన్నెలు తుడిచేదే. మొన్ననే ఉతికాను."

దబ్బనం నెత్తి కొట్టుకుంది. "అమ్మా, పెట్టె జోలికి వెళ్ళొద్దని వదిన నూటొక్కసార్లు చెప్పింది కదే!"

"పడేయొద్దంది, ఎండలో పెట్టొద్దంది. తుడవొద్దని ఎప్పుడంది?"

"మిగతావి కూడా తుడిచారా?" అని పళ్ళేలమ్మ నెమ్మదిగా అడిగింది.

"రెండోది తీయబోతుంటే పాలు పొంగాయి. లేకపోతే అన్నీ అద్దాల్లా మెరిసేవి."

పళ్ళేలమ్మకు నవ్వు వచ్చింది. శుభ్రత మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషి చేతిలోనే ప్రయోగం మైలపడింది మరి. కోపం తెచ్చుకోవడానికి కూడా దారి దొరకలేదు.

దబ్బనానికి మాత్రం నవ్వు రాలేదు. "సరే, కారణం తెలిసిపోయిందిగా. అదొక్కటీ పారేసి మిగతావి చూపించు. బైండింగు గదివి చూడు, ఎలా పూసి ఉన్నాయో! మా యజమాని కళ్ళారా చూస్తే చాలదూ?"

"కారణం మనకి తెలిసింది. ఆయనకి తెలియాలంటే అత్తయ్య మాట నమ్మాలి."

"నమ్మితే ఏం పోయింది?"

"మాట నమ్మే మనిషైతే నీ మాటే నమ్మేవాడు కదే. అప్పుడు ఈ పళ్ళేలెందుకు?"

దబ్బనం గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో అది అరుదైన సంగతి.

"నీకేం, నీ ఉద్యోగం నీకుంది" అంది. "ఈ చేతులకి కుట్టడం తప్ప ఇంకో పని రాదు వదినా."

"అందుకే చెబుతున్నా. ఈ పళ్ళెం దాచి గెలిచామనుకో. రేపు ఆ సూపర్‌వైజరు ఇంకెవరినో తెచ్చి, మూత తీయనిదేదీ అని అడిగితే, ఆ రోజుతో నీ జ్వరం శాశ్వతంగా అబద్ధమైపోతుంది."

పదకొండుకు అయిదు నిమిషాలుండగా ఇద్దరూ యజమాని గదిలో ఉన్నారు.

ఆయన్ను పనివాళ్ళు చాటుగా 'ప్రూఫుల పెద్దాయన' అంటారు. పాఠ్యపుస్తకమైనా, మందుసీసా మీది చీటీ అయినా, ఆయన ఎర్రకలం తగలనిదే ఆ భవనం దాటదు. బల్ల నిండా తడి ఆరని ప్రూఫు కాగితాలు, వాటి మీద భూతద్దం, గది నిండా సిరా వాసన. మాట పెంచే మనిషి కాదు. కోపం వచ్చినా కామా దగ్గర కామా పెట్టినట్టు ఆగి ఆగి మాట్లాడతాడు.

పళ్ళేలమ్మ ముందుగా సాక్షినే ఆయన ముందు పెట్టింది. అది ఎలా ఉండాలో, ఎలా ఉందో, గుడ్డ సంగతితో సహా చెప్పింది.

ఆయన భూతద్దంతో ఆ వంపు వరుసను చూశాడు. "ఇది మీరు చూపించకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి?"

"నాకు తెలుసు కదండీ."

ఆయన భూతద్దం దించాడు. తప్పును తనంతట తానే పట్టుకొచ్చిన మనిషి ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి కావచ్చు. కానీ ఆయన మెచ్చుకోలు సందేహం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "నాకు మొదటినుంచీ ఒకటి అర్థం కావడం లేదు. కాగితం ఎండి వంకరపోకుండా ఆ గదిలో తేమ యంత్రం పెట్టాం. అది మంగళవారమూ తుంపర చల్లుతుంది, శనివారమూ చల్లుతుంది. జ్వరం సోమవారమే ఎందుకు రావాలి? మీ సూక్ష్మజీవులకు వారాలు తెలుసా?"

"నాకు మాత్రం బాగా తెలుసు సార్" అంది దబ్బనం. "సోమవారం వచ్చిందంటే కీళ్ళు విరిచినట్టుంటుంది. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక ఛాతీ పట్టేసి..."

ఆయన చెయ్యెత్తాడు. మర్యాదగానే. "మీరు చెప్పింది విన్నానమ్మా. చాలాసార్లు విన్నాను. నాకు కావలసింది ప్రూఫు."

"ఆదివారమంతా ఆ యంత్రం తొట్టిలో నీళ్ళు కదలకుండా నిలవుంటాయి" అంది పళ్ళేలమ్మ. "సోమవారం తుంపరలో సూక్ష్మజీవులు ఎక్కువగా రావచ్చు. అదొక్కటే కారణమా అంటే తెలియదు. ఇంకో సోమవారం ఇవ్వండి. మళ్ళీ గాలి పడతాను."

యజమాని ఎర్రకలాన్ని బల్ల మీద రెండుసార్లు దొర్లించాడు.

"ఇస్తాను. ఈసారి పళ్ళేలు మీవి, చోటు నాది. గాలి నేనే పడతాను. నంబర్లు నేనే వేస్తాను. ఏ నంబరు ఎక్కడిదో జాబితా నా జేబులో ఉంటుంది. అన్నిటికీ ఒకేలా టేపు చుడతాను, మూత తీయనిదేదో కూడా మీకు తెలియకూడదు. పెట్టె ఈ గదిలో, నా తాళంలో ఉంటుంది. మీరు చదివి, ఏవి చెడ్డవో విడదీయండి. అవి బైండింగు గదివే అయితే యంత్రం ఆపిస్తాను, ఆ ఉత్తరం ఉండదు. కలగాపులగమైతే సంతకం పెడతాను. ఒప్పుకుంటారా?"

దబ్బనం వదిన చెయ్యి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది.

"నేను అడగాలనుకున్నదీ అదేనండీ" అంది పళ్ళేలమ్మ.

శనివారం ఆమె గాలి పట్టే పరికరాన్ని తెచ్చి ఆయనకు నేర్పింది. చూస్తే చిన్నపిల్లల పాలపొడి డబ్బా. దాని మూతకు వందకు పైగా సన్నటి రంధ్రాలున్నాయి. దబ్బనం తన దగ్గరున్న అన్నిటికన్నా సన్న సూదితో, దూరం కొలిచి మరీ పొడిచినవి. ఆ రంధ్రాల కింద పళ్ళెం కూర్చుంటుంది. డబ్బా అడుగున పాత వాక్యూమ్ క్లీనరు మోటారు. మీట నొక్కితే గది గాలి రంధ్రాలగుండా జోరుగా దూసుకొచ్చి, తనలో ఉన్నవాటిని జావ మీదికి విసిరికొట్టి, పక్కలనుంచి బయటికి పోతుంది. రెండు నిమిషాలు, గడియారం చూసి. ప్రతిసారీ మూతను స్పిరిట్‌తో తుడవాలి. ఆసుపత్రుల్లో వాడే అసలు యంత్రం చేసేదీ ఇదే. అది మెరుస్తుంది, ఇది గలగలమంటుంది.

"ఇది నమ్మదగిందేనా?" అన్నాడు ఆయన డబ్బాను తిప్పి చూస్తూ.

"దాంతో కొలిచినప్పుడు వందుంటే దీంతో డెబ్బై వస్తుందండీ. సరిపోల్చి చూశాను. ఎంత ఉందో కచ్చితంగా చెప్పలేదు. ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో మాత్రం చెబుతుంది."

"ఈ రెండ్రోజులు నా దగ్గర ఉంచండి. చెయ్యి తిరగాలిగా."

ఆదివారం సాయంత్రం ఇంట్లో కొత్త పళ్ళేలు శుద్ధి కావడానికి కుక్కరెక్కాయి. రాత్రికే వాటిని యజమాని ఇంటికి చేర్చాలి. పాత అపరాధం మరిచిపోయిన అత్తగారు, "మనకైతే మూడు కూతలతో సరి, వాటికి ఇరవై నిమిషాలా? ఏం మర్యాదలో!" అని గొణిగి, పెట్టె ఈసారి యజమాని గదిలో ఉంటుందని విని మరింత నొచ్చుకుంది. "నా మీద నమ్మకం లేకనేగా?"

"మీ చేతుల మీద నమ్మకం ఎక్కువై అత్తయ్యా. ఎక్కడ మెరిపించేస్తారోనని."

సోమవారం దబ్బనం సాయంత్రం బెల్లు కొట్టేదాకా బల్ల వదల్లేదు. రెండింటికి వణుకు మొదలైంది. మూడింటికి దారం సూదిలోకి ఎక్కించలేకపోయింది, పక్కావిడ ఎక్కించి ఇచ్చింది. సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. కుట్టిన పుస్తకాలు లెక్కకు రోజూకన్నా పది తగ్గాయి కానీ, ఒక్కటీ వంకర కుట్టు పడలేదు. ఇంటికి వచ్చి దుప్పటి కప్పుకుని, పళ్ళ మధ్యనుంచే అడిగింది: "పెద్దాయన పట్టాడా వదినా గాలి?"

"పట్టారట. పెట్టె తాళం వేసి కనిపించింది. పడుకో."

బుధవారం మధ్యాహ్నం యజమాని తాళం తీశాడు. పన్నెండు పళ్ళేలూ బల్ల మీదికి వచ్చాయి. ప్రూఫు కాగితాలు ఆ రోజు కుర్చీల్లోకి వెళ్ళాయి. ఆయన జేబులోంచి మడత కాగితం తీసి, విప్పకుండా భూతద్దం కింద పెట్టాడు.

పళ్ళేలమ్మ కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, గాజు మీద పెన్నుతో చుక్క పెడుతూ లెక్కపెట్టసాగింది. కింది అంతస్తులో యంత్రాల చప్పుడు నేలగుండా పాదాలకు తెలుస్తోంది. గోడకు ఆనుకుని నిలబడ్డ దబ్బనం వదిన పెదవులనే చూస్తోంది. అవి అంకెలు లెక్కపెడుతున్నాయి తప్ప ఏమీ బయటపెట్టడం లేదు.

ఐదో నంబరు దగ్గర ఆమె ఆగింది. అద్దంలా ఖాళీగా ఉంది.

"ఇది మీ సాక్షి."

ఆయన తర్వాతి పళ్ళేన్ని ఆమె వైపు జరిపాడు.

ఏడు పళ్ళేలు ఒక పక్కకు వెళ్ళాయి. ఒక్కోదాంట్లో పది నుంచి ఇరవై చుక్కలు, తెల్లవీ బూడిదరంగువీ. "ఇది మామూలు గాలి. మనుషులు తిరిగే ఏ గదిలోనైనా ఇంత ఉంటుంది." మూడు పళ్ళేలు రెండో పక్కకు వెళ్ళాయి. రెండు, ఏడు, పదకొండు. వాటిలో నూటయాభైకి తక్కువ లేవు. ఎక్కువ భాగం పసుపు మెరుపున్న చిన్న చుక్కలు, ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నవి. "ఇవి నీళ్ళలో పెరిగే జాతి. పొడిగాలిలో ఇంత గుంపుగా ఉండవు. తుంపర ఎక్కి వచ్చినవి."

మిగిలింది ఒకటి. దాన్ని ఆమె అటూ ఇటూ తిప్పి, లెక్క పెట్టకుండానే విడిగా పెట్టింది.

"ఇది లెక్కకు అందదండీ. చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అదే పసుపు జాతి. మీరు యంత్రం మూతి దగ్గరే పట్టినట్టున్నారు." దాని మీది నంబరు ఎనిమిది.

యజమాని కాగితం విప్పాడు. ప్రూఫు చదివే గొంతుతో, ఒక్కో వరుస దగ్గర ఆగుతూ చదివాడు. "ఒకటి, నా గది. రెండు, బైండింగు, కిటికీ వైపు. మూడు, మెట్లు. నాలుగు, యంత్రాల హాలు. ఐదు..." ఆగి ఆమెవైపు చూశాడు. "ఐదు, మూత తీయనిది."

దబ్బనం గోడను వదిలి బల్ల వైపు ఒక అడుగు వేసింది.

"ఆరు, గుమ్మం. ఏడు, బైండింగు, మధ్య బల్ల." అక్కడ కళ్ళు ఒక వరుస దాటి దిగాయి. "తొమ్మిది, కాగితం కొట్టు. పది, సూపర్‌వైజరు గది. పదకొండు, బైండింగు, కుట్టు బల్ల. పన్నెండు, వీధి."

ఆయన కాగితం మడిచాడు. సొరుగు తెరిచి, ఒక కవరు తీసి, బల్ల మీదుగా దబ్బనం వైపు జరిపాడు. "ఒప్పందం ప్రకారం. సంతకం లేదు, చూసుకోండి. యంత్రం ఇప్పుడే ఆపిస్తాను. తొట్టి కడిగి, మళ్ళీ పరీక్ష చేశాకే నడుస్తుంది." తర్వాత కొంచెం కష్టంగా అన్నాడు. "మీరు అబద్ధం చెప్పలేదు."

దబ్బనం కవరు అందుకుంది కానీ తెరవలేదు. ఆరు సోమవారాల మాటలు గొంతులో సిద్ధంగా ఉన్నాయి. వదిన ఆయన్ను చూస్తున్న తీరు కనిపించి, అవి అక్కడే ఆగిపోయాయి.

"గాలిలో ఏముందో తేలింది. జ్వరానికి అదే కారణమని వైద్యుడు చెప్పాలి. అంతవరకే నాది" అంది పళ్ళేలమ్మ. "మీరు ఎనిమిది చదవలేదండీ."

ఆయన ఎర్రకలం తీశాడు, మూత పెట్టాడు.

"కొత్త ప్రూఫ్‌రీడరు పనికి వస్తే మేం ఒక కాగితం ఇస్తాం. అందులో కావాలని ఒక తప్పు దాచిపెడతాం. నిజంగా చదివాడో, చదివినట్టు తల ఊపాడో దాంతో తెలిసిపోతుంది. ఎనిమిది అలాంటిది. మీ జావలోనో చేతిలోనో ఏదైనా తిరకాసు ఉంటే ఇక్కడ దొరకాలని, నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా శుభ్రమైన గదిలో పట్టాను. సోమవారం పొద్దున, ఇక్కడికి బయలుదేరేముందు." ఆయన ఆ పళ్ళేన్ని ముట్టుకోలేదు. "మా అక్కయ్య గది."

తనను పెంచింది ఆవిడేనని చెప్పాడు. పొడిదగ్గుతో మంచాన పడి ఏడాది దాటింది. తేమగాలి మంచిదని ఎవరో చెప్పారు. బైండింగు గదికి పెద్ద యంత్రం వచ్చినప్పుడు, పాత చిన్న యంత్రాన్ని పారేయడం ఎందుకని ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ మంచం పక్కన పెట్టాడు. కిటికీలు మూసి ఉంటాయి, నేల రోజూ రెండుసార్లు తుడుస్తారు.

"కానీ అక్కయ్యకి జ్వరం రాదు" అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి తొందర వినిపించింది. "సోమవారమూ రాదు, ఏ వారమూ రాదు. దగ్గు, ఆయాసం, కొంచెం చిక్కింది. అంతే. అది వేరే జబ్బు అయి ఉండాలి కదా?"

పళ్ళేలమ్మ నోరు తెరవకముందే దబ్బనం ముందుకు వచ్చింది.

"సార్, పోయిన నెల పాఠ్యపుస్తకాల పని మీద మాకు రెండు వారాలు సెలవు లేకుండా పని పెట్టారు, గుర్తుందా? ఆదివారం కూడా వచ్చాం. ఆ మధ్యలో వచ్చిన సోమవారం మాకెవరికీ జ్వరం రాలేదు. సూపర్‌వైజరు అదే ఎత్తిపొడిచాడు, ఓవర్‌టైం ఉంటే జ్వరం రాదేం అని."

"అవును. నాకూ చెప్పాడు."

"జ్వరం రాలేదు కానీ బాగా లేం సార్. మెట్లెక్కితే ఆయాసం. ఆకలి లేదు. ఎవరికీ చెప్పలేదు, జ్వరమే లేకపోతే ఇంకేం చెబుతాం? మళ్ళీ ఒక ఆదివారం ఇంట్లో ఉన్నామో లేదో, ఆ మర్నాడు ఎప్పటిలాగే ఒళ్ళు కాలింది." ఆమె తన వేళ్ళవైపు చూసుకుంది. "ఒకరోజు బయట ఉండి లోపలికెళితేనే జ్వరం. అసలు బయటికే రాకపోతే జ్వరం ఉండదు. మీ అక్కగారు ఆ గదిలోంచి బయటికొచ్చి ఎన్నాళ్ళయింది?"

యజమాని పళ్ళేలమ్మవైపు తిరిగాడు, తీర్పు అక్కడినుంచి రావాలన్నట్టు.

"ఇలా జరుగుతుందని పుస్తకాల్లో ఉందండీ" అంది పళ్ళేలమ్మ. "రోజూ పీలిస్తే ఒళ్ళు ఎదురుతిరగడం మానేస్తుంది. ఊపిరితిత్తులు మాత్రం లోపల్లోపల గట్టిపడుతూ ఉంటాయి. ఆవిడది అదేనని నేను అనను. చూడకుండా ఎవరూ అనలేరు. ఆమె అడిగినదానికి మాత్రం మీరు సమాధానం చెప్పాలి."

ఆయన బల్ల వెనకనుంచి లేచి వచ్చి, కుర్చీలోని ప్రూఫు కాగితాలు తీసి నేల మీద పెట్టాడు. ఆ కుర్చీని దబ్బనం వైపు జరిపాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలో ఆమెకు కుర్చీ వేసినవాళ్ళు లేరు.

"పద్నాలుగు నెలలు" అన్నాడు. "ఈమధ్య ఆ గదిలో పడుకోలేనంటోంది. హాల్లో వేయండిరా, ఊపిరాడ్డం లేదు అంటోంది. రెండు నెలలుగా రోజూ చెబుతోంది. మంచాన ఉన్నవాళ్ళు అలాగే మారాం చేస్తారనుకున్నాను."

దబ్బనం కూర్చోలేదు.

"ఆ యంత్రం ఇప్పుడు నడుస్తోందా?" అని అడిగింది పళ్ళేలమ్మ.

యజమాని అప్పటికే బల్ల మీది తాళాలు అందుకున్నాడు. వాటి గుత్తిలో ఏది ఏ తాళానిదో ఒక్కసారిగా మరిచిపోయినట్టు వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకెవరినీ ముట్టుకోనివ్వనండీ" అన్నాడు. "పొద్దున వచ్చేముందు తొట్టి నిండా నీళ్ళు నేనే పోసి వచ్చాను."